స్వాతికార్తె, షావుకారుపేట

మింట్ స్ట్రీట్ మెట్ల మీదకి నీళ్ళెక్కకముందే చేరాను.
రెండో అంతస్తు. జిలేబీ నూనె వాసన
తలుపు దాకా తోడొచ్చింది.
మస్తానయ్య కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి
నా అరచేతిలోంచి దాన్ని పట్టకారుతో ఎత్తాడు.
"నల్లది," అన్నాడు. కాసేపాగి,
"కాదు, నెమలిమెడ.
నడుమ్మీద గీత ఉంది. చవగ్గా ఇచ్చుంటారు."

చవగ్గానే ఇచ్చారు.
ఇంజను చెడి మా ఓడ పదకొండు రోజులు
పసిఫిక్ నడుమ ఓ చిన్న రేవులో పడుంటే,
ఎలక్ట్రీషియన్ని, నాకు పని లేక
కూరగాయల పడవెక్కి
ముత్యాల సాగు చూడ్డానికి పోయాను.

"సాగా? వరిలాగానా?"

వరిలాగే.
పగడపు దిబ్బ గిరిగీసి పట్టుకున్న నీళ్ళు.
ఆ రంగు చీర కట్టిన మనిషిని కూడా
రాయపురంలో నేను చూళ్ళేదు.
పైన నీలం బుడ్డీలు, కింద తాళ్ళు, తాళ్ళకి బుట్టలు,
బుట్టల్లో నల్లపెదవుల ఆల్చిప్పలు.
గుంజల మీద రేకుల షెడ్డు. అందులో హినాతేయ అనే ఆవిడ,
తలకి టార్చి,
ముందు పళ్ళ డాక్టరు పనిముట్లలాంటివి.
చిప్ప నోట్లో చెక్కముక్క దోపి, సన్నగా కోసి,
ఒక తెల్ల పూస పెట్టింది.
పక్కనే, ఇంకో చిప్ప నుంచి కత్తిరించిన గోటిముక్కంత కండ.
ముత్యం రంగు మోసిన దానిది కాదట,
కండ ఇచ్చిన దానిదట.
ఇచ్చింది అప్పటికే చచ్చి బకెట్లో ఉంది.
నిమిషం కూడా పట్టలేదు.
ఆవిడ ఆవులించి ఇంకోటి అందుకుంది.

మస్తానయ్య బరమా ఆన్ చేశాడు.
బెజ్జం రెండు వైపుల నుంచీ వచ్చి మధ్యలో కలవాలి,
ఒక్క వైపే తోస్తే అవతల పెచ్చు లేస్తుంది.
సగం పోయిందో లేదో, కరెంటు పోయింది.

చీకట్లో వాన పెద్దగా వినపడింది.
"మా నాన్న చెప్పేవాడు,
స్వాతికార్తెలో చిప్ప పైకి తేలి నోరు తెరుస్తుందని,
ఒక్క చినుకు చాలని."
కిటికీ వైపు చూశాడు. బయట స్వాతికార్తే,
డ్రైనేజీ మూతల్ని లేపుతోంది.
నలభై ఏళ్ళుగా బెజ్జాలేస్తున్నాడు. హార్బరు నడిచిపోయేంత దూరం.
బతికున్న ఆల్చిప్పని ఒక్కసారీ చూళ్ళేదు.

"మూసుకుందా?"
ఏది?
"అదే, కోశాక. చిప్ప."
చెక్కముక్క తీయగానే మూసుకుంది.
ఏడాదిన్నర నీళ్ళలో వేలాడదీస్తారు.
కొన్ని చస్తాయి, కొన్ని పూసని ఉమ్మేస్తాయి.
మంచి ముత్యం ఇచ్చినదానికి
ఆ గాయంలోనే ఇంకాస్త పెద్ద పూస పెడతారు.

"బాగా చేసినోడికి అంతే," అన్నాడు.
"మా షావుకారూ అంతే."

కరెంటు రాలేదు.
మేకుకి వేలాడుతున్న వాళ్ళ నాన్న విల్లు దింపి
తాడుకి మైనం రాశాడు. కొవ్వొత్తి నన్ను పట్టుకోమన్నాడు.
కిర్రు, కిర్రు. ముందు బూడిదరంగు పొడి,
వెంటనే తెల్లది. తెల్లదే, చాలాసేపు.
బొటనవేలి గోటి మీద ఆ పొడి చూపించి,
"నువ్వు చెప్పిన సముద్రం పైపైనే," అన్నాడు,
"మిగతాదంతా ఆవిడ పూస."

"ఎవరికి?"
ఇంకా అనుకోలేదన్నాను.
వెలుతురుకి ఎత్తి, బెజ్జంలోంచి నన్ను చూడబోయి
నవ్వి, "నూట ఇరవై," అన్నాడు.

కింద మోకాళ్ళ దాకా నీళ్ళు.
ఒక చేతిలో చెప్పులు, ఒక చేతిలో గొడుగు,
చొక్కా జేబుకి ఎప్పటిదో చిరుగు.
ముత్యాన్ని బుగ్గన పెట్టుకున్నాను.
ఉప్పగా లేదు. మైనం రుచి.
"ఎంగ సార్?" అని ఆటోవాడు అరిచాడు,
రెండుసార్లు.
నేను నోరు తెరవలేదు.